కడగని తొట్టె

ఇల్లు కదులుతున్నా సైమా పొయ్యి ఆర్పలేదు.

ఊరి కింద ఇనుపరాయి ఉందని తేలాక కంపెనీ ఊరినే తీసి పక్కన పెడుతోంది. ఒక్కో ఇంటినీ పునాది మీంచి లేపి, కింద దుంగలు పేర్చి, గొలుసులు కట్టి, ఆవిరి యంత్రంతో కొత్త ఊరి వైపు లాక్కుపోతున్నారు. వెనక దుంగలు తీసి ముందు వేయడం, మళ్ళీ లాగడం. సైమా ఇంట్లో అద్దెకుండే గని కుర్రాళ్ళు పొద్దున్న ఒకచోట మెట్లు దిగి పనికి పోతే, సాయంత్రం ఇల్లు ఎంతవరకు వెళ్ళిందో చూసుకుంటూ రావాల్సి వస్తోంది. ఇల్లు ఎక్కడున్నా వచ్చేసరికి వాళ్ళకి తిండి ఉండాలి కదా. అందుకే పొయ్యి గొట్టం లోంచి పొగ వస్తూనే ఉంది. వంటింటి కప్పుకింద కర్రకి గుచ్చిన రై ధాన్యపు రొట్టెలు, నడుమ చిల్లున్నవి, ఇంటితోపాటు ఊగుతున్నాయి.

రొట్టెలు అయిపోవస్తున్నాయి. పిండి కలుపుదామని సైమా మూలనుండే తొట్టె కోసం వెళ్ళింది. అది అక్కడ లేదు. వెనక వరండాలో బోర్లించి ఉంది, తెల్లగా, నిన్న వడ్రంగి చేసిచ్చినట్టు.

"చూశారా అత్తయ్యా!" అంది నేజా, మోచేతుల దాకా ఎర్రబడ్డ చేతులు చూపిస్తూ. "మరిగే నీళ్ళూ ఇసకా సబ్బూ పెట్టి పొద్దుటినుంచీ తోమాను. ఎన్నేళ్ళ మురికో! గోకుతుంటే పెచ్చులు పెచ్చులుగా ఊడింది. కొత్త ఊరికి శుభ్రంగా వెళ్దాం."

నేజా స్లొవీనియా వాళ్ళమ్మాయి. సైమా కొడుకు విల్హో వసంతంలో ఈ పిల్లని చేసుకున్నాడు. పని అంటే వెనకాడేది కాదు. ఇల్లు కళకళలాడేలా మాట్లాడేది.

సైమా తొట్టె లోపల చెయ్యి పెట్టి తడిమింది. గీత గీతలోనూ సబ్బు వాసన. ఆ తొట్టె ఆమె తల్లి ఫిన్లాండు నుంచి ఈ దేశానికి ఓడ మీద తెచ్చింది. అందులో పిండి కలిపాక గీకుతారే గాని కడగరు. చెక్కకి అంటుకుని ఎండిన ఆ పిండే మళ్ళీసారికి తోడు. పాలకి తోడు ఎలాగో రై పిండికి అది అలాగ. ఈ సంగతి సైమా కోడలికి చెప్పలేదు. ఎవరూ ఎవరికీ చెప్పే సంగతి కాదది. తొట్టె కడిగే మనిషి భూమ్మీద ఉంటుందని ఆమెకి తోచలేదు.

"బాగుంది," అంది సైమా. లోపలికి వెళ్ళిపోయింది.

సాయంత్రం బల్ల దగ్గర అసలు మాట బయటపెట్టింది అద్దెకుర్రాడు కుస్తా. "ఏమ్మా నేజా, తొట్టెకి తలంటు పోశావట! ఇంక మేం ఇనుపరాయే కొరుక్కుతినాలి కాబోలు!"

కుర్రాళ్ళంతా గొల్లుమన్నారు. కడిగింది మురికి కాదు తోడని వాళ్ళు చెబితేగాని నేజాకి అర్థం కాలేదు. గరిటె పెట్టేసి అత్తగారి ముందుకొచ్చి నిలబడింది.

"ఒక్క మాట చెప్పొచ్చు కదా అత్తయ్యా!"

"చెప్పాల్సిందే," అంది సైమా.

"తిట్టండి. మా అమ్మయితే ఈపాటికి చీపురు తిరగేసేది."

"తిడితే పులుస్తుందా పిండి?"

సైమా భర్త నెస్తోరి మెల్లిగా గొంతు సవరించుకున్నాడు. "వీధి నిండా మనవాళ్ళే. ఎవరింట్లో అడిగినా ఇంత తోడు ఇస్తారు."

"అది వాళ్ళ అమ్మలది. మా అమ్మది కాదు."

ఆ తల్లి తోడు మరొక్క చోటే ఉందని నెస్తోరికీ తెలుసు. సైమా చెల్లెలు హిల్మా పెళ్ళయినప్పుడు ఇంత పిండిముద్ద తన తొట్టెలోకి తీసుకెళ్ళింది. ఆ తరవాత గనిలో సమ్మె జరిగింది. సమ్మె ఓడిపోయాక నెస్తోరి తలవంచుకుని మళ్ళీ పనిలోకి దిగాడు. హిల్మా భర్త ఓస్కరిని మాత్రం కంపెనీ మళ్ళీ గేటులోకి రానివ్వలేదు. అడవి నరికేసిన బీడు కొనుక్కుని, మొద్దుల మధ్య సేద్యం చేసుకోవడానికి వాళ్ళు ఉత్తరానికి వెళ్ళిపోయారు. వెళ్ళేరోజు హిల్మా అక్క వైపు చూడకుండానే బండెక్కింది. అప్పటినుంచీ ఇద్దరి మధ్యా మాటల్లేవు.

శనివారం సహకార కొట్టు బండి ఆ పొలాల వైపు వెళ్తుంది. సైమా తొట్టెకి గుడ్డ చుట్టి ఒళ్ళో పెట్టుకుని ఎక్కింది. నేజా కూడా ఎక్కి కూర్చుంది.

"నువ్వెందుకు?"

"కడిగింది నేను కాబట్టి."

దారి పొడుగునా నడుమెత్తు మొద్దులు. ఇక్కడి పైన్ చెట్లు ఎప్పుడో నగరాల్లో ఇళ్ళయిపోయాయి. వెనక ఊళ్ళో తవ్విన ఎర్రమట్టి రైలెక్కి, ఓడెక్కి, ఎక్కడో వంతెనలూ రైలు పట్టాలూ అవుతోంది. మొద్దులు మాత్రం ఓస్కరిలాంటి వాళ్ళకి మిగిలాయి. వాటి చుట్టూ వంకరటింకరగా బంగాళాదుంప సాళ్ళు, రై చేలు.

హిల్మా ఆవిరిస్నానాల సౌనా గది ముందు కట్టెలు పేరుస్తోంది. అక్కని చూసి లేవలేదు.

"ఏవిటక్కా, కంపెనీవాళ్ళు మీ ఇంటికి కాళ్ళు మొలిపించారటగా! అది నడుచుకుంటూ ఇక్కడి దాకా వచ్చిందా ఏం?"

"ఇల్లు రాలేదు. నేనొచ్చాను."

"కాఫీ తాగుతారా?"

లోపల కాఫీ తాగారు. తాగినంతసేపూ వానల గురించి మాట్లాడారు. సైమా ఒళ్ళో గుడ్డ చుట్టిన తొట్టె అలాగే ఉంది. వచ్చిన పని నాలిక చివరిదాకా వచ్చి ఆగిపోతోంది. రెండో కప్పు పోస్తుంటే నేజా ఇంక ఆగలేకపోయింది.

"చిన్నత్తయ్యా, నేను తొట్టె కడిగేశాను."

హిల్మా కాఫీ కూజా పట్టుకుని అలాగే ఉండిపోయింది. "అమ్మ తొట్టెనా?"

"సబ్బు పెట్టి."

హిల్మా కూజా దించి నవ్వడం మొదలుపెట్టింది. నడుముకి కట్టుకున్న వంటగుడ్డ ఎత్తి కళ్ళు తుడుచుకున్నా నవ్వు ఆగలేదు. "సబ్బు పెట్టే! మా అక్క నిన్ను బతకనిచ్చిందా?"

"'బాగుంది' అన్నారు."

"అంటుంది. కొంప అంటుకున్నా అదే అంటుంది." నవ్వు తగ్గాక హిల్మా అక్క వైపు తిరిగింది. "అయితే రొట్టె కోసం వచ్చావన్నమాట. లేకపోతే వచ్చేదానివేనా?"

సైమా తొట్టె అంచు మీద వేలితో రాస్తూ ఆలోచించింది. అబద్ధం చెప్పి పిండి పట్టుకెళ్ళాలనిపించలేదు.

"వచ్చేదాన్ని కాను."

"ఎందుకని?"

"ఓస్కరి మొహం చూడలేక. మా ఆయన ఇంకా ఆ కంపెనీ కూడే తింటుంటే నీ దగ్గరికొచ్చి ఏం మాట్లాడను?"

అదే సమయానికి ఓస్కరి తలుపు తోసుకుని వచ్చాడు. బూట్ల నిండా మట్టి. పొద్దున్నే రెండు మొద్దులు డైనమైటు పెట్టి పేల్చినట్టున్నాడు, ఒంటినిండా మందు వాసన. వదినగారిని చూసి టోపీ తీశాడు, మళ్ళీ పెట్టుకున్నాడు.

"నెస్తోరి ఇంకా భూమి కిందే ఉన్నాడా వదినా?"

"లేదు. ఇప్పుడు పైనుంచే తవ్వుతున్నారు. ఆవిరితో నడిచే పెద్ద పారలొచ్చాయి."

"పోన్లే, ఎండైనా తగులుతోంది." ఓస్కరి నీళ్ళ బాన దగ్గర చేతులు కడుక్కున్నాడు. చాలాసేపు కడుక్కున్నాడు. "మందు దట్టించడం మర్చిపోలేదు కదా? దక్షిణపు పొలంలో ఇంకా బోలెడు మొద్దులున్నాయి. ఆదివారాలు ఊరికే కూర్చునేట్టయితే రమ్మను."

హిల్మా మొగుడి వీపు వైపు చూసింది. తరవాత లేచి, సైమా ఒళ్ళోంచి తొట్టె తీసుకుని గుడ్డ విప్పి ముక్కు దగ్గర పెట్టుకుంది.

"ఛీ, చాకిరేవు! ఇంత ముద్ద చేతిలో పెట్టి పంపిస్తే కుదరదు. ఈ చెక్కకి మళ్ళీ పులుపు పట్టాలి. పిండి ఇందులోనే కలిపి, రాత్రంతా ఇందులోనే పులవాలి. రేపటిదాకా ఉండాలి నువ్వు. ఇల్లెలాగూ దారిలోనే ఉంది, నీకేం తొందర?"

"పులుస్తుందంటావా?"

"ఏమో. సబ్బు తాగిన చెక్క. మొండికేస్తే నేనేం చెయ్యను?"

హిల్మా తన తొట్టెలోంచి నల్లటి ముద్ద గీకి వేసింది. గోరువెచ్చని నీళ్ళు, రై పిండి. సైమా చేతులు పెట్టబోతే ఆపి, నేజా చేతులు పట్టుకుని తొట్టెలోకి తోసింది. "కడిగిన చేతులు ఇవేగా, ఇవే పిసకాలి." నేజా మోచేతుల దాకా జిగురు పూసుకుని పిసికింది. సౌనా కాగింది. ముగ్గురూ స్నానం చేశాక, ఆ వేడి వృథా పోకుండా తొట్టెని పై బల్ల మీద పెట్టి తలుపు వేశారు.

తెల్లారి సైమా అందరికన్నా ముందు లేచి సౌనాలోకి వెళ్ళింది. పిండి పొంగాల్సినంత పొంగలేదు. సగం దాకా వచ్చి ఆగింది. కాని గుడ్డ తీయగానే పుల్లటి వాసన మొహాన కొట్టింది. వేలితో తీసి నాలిక మీద వేసుకుంది. అమ్మ రొట్టెకన్నా పులుపెక్కువ, కాస్త వగరు కూడా. ఈ బీడులో పండిన రై రుచి అనుకుంది. మళ్ళీ వేలు ముంచింది.

వెనకాల హిల్మా వచ్చి నిలబడింది. "సగమేనా?"

"సగం చాలు. నాలుగైదు వాయిలు అలుగుతుంది, తరవాత అదే దారికొస్తుంది."

రొట్టెలు అక్కడే కాల్చారు. కొన్ని హిల్మా కర్రకెక్కాయి, కొన్ని సైమా సంచిలోకి వెళ్ళాయి. గీకిన తొట్టె, అంచులనిండా పిండితో, నేజా ఒళ్ళో కూర్చుంది. ఓస్కరి స్వయంగా బండి కట్టాడు.

మొద్దుల మధ్యనుంచి బండి వెళ్తుంటే నేజా అడిగింది. "అత్తయ్యా, ఇంకా ఏమేం కడక్కూడదో ఇప్పుడే చెప్పెయ్యండి. మళ్ళీ ఇలాంటిది నా వల్ల కాదు."

సైమా దారి వైపు చూస్తూ చెప్పింది. "కాఫీ కూజాకి సబ్బు తగలనివ్వకు."

"సరే."

"రొట్టె తలకిందులుగా పెట్టకు. కుస్తా నవ్వితే పట్టించుకోకు, వాడికి తల్లి లేదు. మీ మామగారి దగ్గర సమ్మె ఊసెత్తకు. ఆయనంతట ఆయన ఎత్తితే మాత్రం వినాలి, లేచి వెళ్ళిపోకూడదు." ముందు కూర్చున్న ఓస్కరి పగ్గాలు సర్దుకున్నాడు, తిరగలేదు. సైమా గొంతు తగ్గించలేదు. "నేను బాగుందీ అంటే బాగున్నట్టు కాదు. మళ్ళీ అడుగు."

"ఎన్నిసార్లు అడగాలి?"

"చెప్పేదాకా," అంది సైమా. ఇంకా ఉన్నాయి. గని ఊరి ఎర్రదుమ్ము కనిపించేదాకా చెబుతూనే ఉంది.