గుమ్మం దగ్గరి చెప్పులు

భీమడోలు గూడ్స్ షెడ్డులోకి ఎవరూ చెప్పులతో అడుగుపెట్టేవారు కాదు. లోపల ఉన్నది తిండిగింజలాయె! ముఠా కూలీలు గుమ్మం దగ్గరే విడిచేవారు. సాయంత్రం అక్కడ ఒక్క జత కూడా లేదని చూసుకున్నాకే మేస్త్రీ బాషా తాళం వేసేవాడు. గూడ్సు బళ్లు ఆగడం మానేసి ఇరవై ఏళ్లయినా బాషా ఇంట్లో అందరికీ ఆ పట్టింపు పోలేదు.

ఇవాళ షెడ్డు కూల్చేస్తున్నారంటే చూడ్డానికి వచ్చాడు. అన్నం అక్కడికే తెస్తానంది భార్య జైనబ్.

పొక్లెయిన్ గోడ మీదికి చెయ్యెత్తింది. అప్పుడు కనిపించాయి, గుమ్మం పక్కన ఒక జత చెప్పులు.

"ఆపండి! లోపల మనిషున్నారండీ!"

"మావాళ్లందరివీ బూట్లేనండీ, అంతా బయటే ఉన్నారు," అని కాంట్రాక్టరు నవ్వి, కానిమ్మని చెయ్యి ఊపాడు.

బాషా పరుగెత్తాడు. ఎడమ చెప్పు పట్టీకి ఎర్రదారం కుట్టు ఉంది. పొద్దున తనే కుట్టి జైనబ్ కాళ్ల దగ్గర పెట్టాడు.