ఒకే కొండ మీద ఇన్ని గొంతులు

పాటలు పెరిగితే ప్రాణాలు పెరిగినట్టేనని వీరభద్రరావు నమ్మకం. ఆ నమ్మకం మీదనే అతడు క్లయింటును పిలిపించాడు.

సైన్స్ పార్కులో అతడు నడిపే చిన్న ఆఫీసు పని అడవి చప్పుళ్లు వినడం. సరిహద్దు అవతల జోహోర్ కొండల్లో చెట్లకు కట్టిన రికార్డర్లు అక్కడి ధ్వనులను మొబైల్ సిగ్నల్ మీద ఇక్కడికి పంపుతాయి. వాటిని విని, ఏ కొండ మీద ఎన్ని గిబ్బన్ కుటుంబాలు బతుకుతున్నాయో తేల్చేది యోగేశ్వరి. తోకలేని ఆ కోతులు తెల్లవారగానే జంటలుగా పాడతాయి. ఆడది రాగాన్ని మెట్టు మెట్టుగా పైకి ఎత్తుకుపోతుంది. అది దిగివచ్చే వేళకు మగది జవాబిస్తుంది. ఈ చోటు మాది అని ఇరుగుపొరుగుకు చాటడమే ఆ పాట.

ఆఫీసు క్లయింటయిన కలప కంపెనీ కిందటేడు ఆ అడవిలో పడమటి సగం నరికింది. తూర్పు కొండను కూడా నరకడానికి అనుమతి రావాలంటే, గిబ్బన్లకు నష్టమేమీ లేదని యోగేశ్వరి సంతకంతో నివేదిక వెళ్లాలి. తూర్పు కొండ మీద పాటలు నిరుటికి రెట్టింపయ్యాయి. ఆ గ్రాఫు చూసి రావు మురిసిపోయాడు.

యోగేశ్వరి గ్రాఫు పక్కన పెట్టి, పాటలు విన్నది. వినేకొద్దీ ఆమెకు అనుమానం పెరిగింది. ఒకదాని రాగం సగానికి రాకముందే పక్క చెట్టు నుంచి మరొకటి అడ్డుపడుతోంది. వీధి కుళాయి దగ్గర బిందెల తగవులా ఉంది ఆ గోల. పొద్దెక్కితే ఆగవలసిన పాటలు మధ్యాహ్నం దాకా సాగుతున్నాయి. పళ్లు వెతుక్కోవలసిన వేళంతా పొలిమేర కాపలాకే ఖర్చవుతోంది. తల్లితో గొంతు కలిపి రాగం నేర్చుకునే పిల్లల గొంతులు నిరుడు వినిపించేవి. ఇప్పుడు ఒక్కటీ లేదు.

"అవి పెరగలేదండీ," అన్నది రావుతో. "పడమట చెట్లు పోతే ఇక్కడికొచ్చి పడ్డాయి. ఒక సంసారానికి సరిపోయే చోట రెండు సంసారాలు కొట్టుకుంటున్నాయి. పిల్లలు అప్పుడే పోయినట్టున్నాయి. కొన్నాళ్లకు పెద్దవీ ఉండవు."

"ఏవమ్మా యోగేశ్వరీ, పాడకపోతే చచ్చాయంటావు, పాడితే చస్తాయంటావు! నీతో వేగడం ఆ దేవుడి వల్ల కూడా కాదు," అని నవ్వాడు రావు. "ఆ హెడ్మిస్ట్రెస్ చూపొకటి! రేపు క్లయింటు వస్తున్నాడు. లైవ్‌లోనే వినిపిద్దాం. ఆయనా హ్యాపీ, నీ అనుమానమూ తీరుతుంది."

"వినిపించండి. ఏం వచ్చినా మధ్యలో ఆపకండి."

మర్నాడు పొద్దున్నే కంపెనీ తరఫున హరిదాస్ వచ్చాడు. ఉత్తరాన పేరాక్ తోటల్లో కూలికి వెళ్లి స్థిరపడిన తెలుగు కుటుంబంలో పుట్టి, పని వెతుక్కుంటూ దక్షిణానికి వచ్చినవాడు. యోగేశ్వరిదీ ఆ తోటలేనని తెలియగానే చుట్టరికం కలిపేశాడు. అక్కడి పద్ధతిలో మాట చివర 'లా' తగిలిస్తాడు, భోజనాన్ని 'మకాన్' అంటాడు.

"అక్కా, పనైపోతే మకాన్ నాదే లా! పాయా లేబర్ పేటలో చేప తలకాయ కూర తినిపిస్తా. తింటే అమ్మమ్మ చెయ్యి గుర్తు రావాల్సిందే."

"ముందు కూర్చో తమ్ముడూ. కూర ఎక్కడికీ పారిపోదు."

రావు స్పీకరు ధ్వని పెంచాడు. గొంతుల మీద గొంతులు పడుతూ, ఒకదాన్నొకటి తొక్కుకుంటూ, కొండ కొండంతా గదిలోకి వచ్చింది. హరిదాస్ ముఖం విప్పారింది.

"అబ్బో, పెళ్లిపందిరిలా ఉంది లా!"

"నే చెప్పలేదూ?" అన్నాడు రావు, యోగేశ్వరి వైపు తిరిగి.

ఆ మాట పూర్తయిందో లేదో, పాటలన్నీ ఒక్కసారిగా తెగిపోయాయి. కీచురాళ్లు సైతం నోరు మూసుకున్నాయి. ఆ నిశ్శబ్దంలోంచి సన్నగా, తేనెటీగ రొదలా మొదలైన చప్పుడు దగ్గరకొస్తూ లావెక్కింది. మోటారు రంపం. దాని వెనక మరొకటి. కాసేపటికి ఏదో పెద్ద మాను కొమ్మలన్నిటినీ విరుచుకుంటూ నేల కూలింది.

రావు కుర్చీలోంచి లేచాడు. "ఇదేంటండీ హరిదాస్ గారూ? అనుమతి ఇంకా రాలేదుగా!"

"జస్ట్ రోడ్ లా… దారి మాత్రం చేసుకోమన్నారు. రిపోర్టు ఎలాగూ వస్తుంది కదా అని…" అంటూ అతడు స్పీకరు వైపు చెయ్యి చాచాడు.

యోగేశ్వరి దాన్ని తన వైపు లాక్కుంది. "ఎలాగూ వస్తుందని మీవాళ్లకు ఎవరు చెప్పారు?"

హరిదాస్ రావు వైపు చూశాడు. రావు కిటికీ వైపు చూశాడు.

"అక్కా, మనం మనం ఒకటి…"

"ఒకటే. అందుకే నీ వెనక కాకుండా నీ ముందే చెబుతున్నాను. సంతకం పెడతాను. పాటల గ్రాఫు కింద పెట్టను, ఈ రంపాల చప్పుడు కింద పెడతాను. ఇప్పుడు మనం విన్నదంతా రికార్డయింది. ఇవాళే అక్కడి అటవీశాఖకు వెళుతుంది." ఆమె రావు వైపు తిరిగింది. "నా ఉద్యోగం సంగతి ఆ తర్వాత మీరు తేల్చుకోవచ్చు."

హరిదాస్ ఫోను తీసుకుని లేవబోయాడు.

"కూర్చో తమ్ముడూ," అన్నదామె. "ఇంకా అయిపోలేదు."

స్పీకరులో మరో మాను విరగడం మొదలైంది.