కాల్చిన పసుపుకొమ్ము

ఆళ్లగడ్డలో పసిబిడ్డ ఊపిరాడక డొక్కలెగరేస్తే నన్నే పిలిచేవారు. పసుపుకొమ్ము దీపంలో కాల్చి పొట్ట మీద మూడు వాతలు పెట్టేదాన్ని. ఇరవై ఏళ్లు పెట్టాను. బతికిన బిడ్డల పేర్లు చెప్పుకుని గొప్పలు పోయాను, సిగ్గులేనిదాన్ని.

ఎనభై ఒకటిలో నా కూతురు సరస్వతమ్మ ఆడపిల్లను కన్నది. పన్నెండో రోజున మనవరాలు డొక్కలెగరేస్తూ పాలు తాగడం మానేసింది. వియ్యపురాలు కమలమ్మ కొమ్ము కాల్చి నా చేతికిచ్చింది. వాతకు చోటు చూద్దామని బిడ్డ ఎద మీద చెయ్యి వేశాను. రోజూ నా కాళ్ల మీద పడుకోబెట్టుకుని నీళ్లు పోసిన బిడ్డ. పుట్టిన రోజు ఎడమ పక్క కొట్టుకున్న గుండె ఇప్పుడు కుడి పక్క కొట్టుకుంటోంది. కొమ్మును నీళ్లలో పడేశాను.

"ఊరి బిడ్డలకంతా పెడ్తివి, నీ మనవరాలికైతే చెయ్యి రాదా?" అంది కమలమ్మ.

రాదనే చెప్పాను. ఆమె వాకిట్లో నిలబడి అరుస్తూనే ఉంది. నేను బిడ్డను కొంగులో చుట్టుకుని, పచ్చి బాలింతను వెంటబెట్టుకుని నంద్యాల బస్సెక్కాను.

నంద్యాలలో డాక్టరు రాజరత్నం ఎక్స్‌రే తీయించాడు. ఎడమ పక్కంతా నల్లగా ఉంది. ఊపిరితిత్తికి చిల్లుపడి దాని బయట గాలి చేరిందని, గుచ్చి తీసేస్తానని సూది అందుకున్నాడు. నేను అడ్డం నిలబడ్డాను.

"సార్, గుండె ఒక్కసారిగా జరగలా. దినామూ రవ్వంత జరిగింది. నీళ్లు పోసేటప్పుడు నా చేతికి తగుల్తానే ఉండె, నేనే పట్టించుకోలా."

ఆయనకు కోపం వచ్చింది. వస్తే రానీ, నేను కదల్లేదు. చివరికి ఫిల్మును మళ్లీ కిటికీ వెలుతురుకు పట్టి చూశాడు. ఆ నలుపులో ఊపిరితిత్తి తాలూకు సన్నని గీతలు కనిపించాయి. సూది పక్కన పెట్టేశాడు. గాలి బయట లేదట, ఊపిరితిత్తిలోనే పుట్టుకతో వచ్చిన గాలితిత్తి రోజురోజుకూ ఉబ్బి గుండెను తోస్తోందట. గుచ్చి ఉంటే బిడ్డ దక్కేది కాదని తనే ఒప్పుకున్నాడు. చీటీ రాసి కర్నూలు పెద్దాసుపత్రికి పంపాడు. అక్కడ కోసి దాన్ని తీసేశారు.

నెలకు ఇంటికొచ్చాం. మర్నాడే కమలమ్మ పక్కింటి వెంకటమ్మను తీసుకొచ్చింది. వెంకటమ్మ ఒళ్లో డొక్కలెగరేస్తున్న బిడ్డ, కమలమ్మ చేతిలో మళ్లీ కొమ్ము. నేను మనవరాలి చొక్కా పైకెత్తి కుట్లు చూపించాను.

"నేను వాతలు పెట్టినాక మట్టిలో పెట్టిన బిడ్డలు తొమ్మిదిమంది. వాళ్లల్లో ఎవరికి ఈ జబ్బుండెనో నాకు తెలీదు. ఒక్కరి ఎద మీదా చెయ్యేసి చూడలా."

ఆ తొమ్మిదిమందిలో మొదటిది వెంకటమ్మ పెద్దబిడ్డ. ఆమె నా మొహంలోకి చూసింది. నేను తల దించుకోలేదు, దించుకునే హక్కు కూడా నాకు లేదు.

"తిట్టేదుంటే నంద్యాల బస్సులో తిట్టు," అన్నాను. "బేగా లెయ్."