గోడ మీది గాజు పలక

మా ఇంట్లో వెనక గది పోయింది మంగళవారం నాడు. కూలిపోలేదు. మునిసిపల్ ఇంజనీరు వచ్చి, నాలుగు మూలలా టార్చి వేసి చూసి, తలుపు దగ్గరికి లాగి తను తెచ్చిన తాళం వేశాడు. తాళం మీద ఎర్ర కాగితం అంటించాడు. లోపల మా ఆయన పనిబల్ల, తూనిక రాళ్ళ పెట్టె, బాగుచెయ్యాల్సిన కాటాలు ఏడో ఎనిమిదో ఉండిపోయాయి. ఆయన దుకాణాల కాటాలు బాగుచేసేవారు. పోయి అప్పటికి ఎనిమిది నెలలు.

ఇక మాకు మిగిలింది ముందు గది, దానికి ఓ పక్కన వంటగట్టు. ఈ గదికీ తాళం పడిన గదికీ మధ్య ఉన్నది ఒకే గోడ. పగులు ఆ గోడకే వచ్చింది. పైకప్పు దగ్గర మొదలై, ఏటవాలుగా దిగి, తలుపు చట్రం దగ్గర ఆగింది. నేను వ్యాసాలు దిద్దే ఎర్ర పెన్సిలు మొన ఆనించి చూశాను. మొన మాత్రమే పట్టింది.

"పక్క స్థలంలో పెద్ద గొయ్యి తవ్వుతున్నారు కదమ్మా, రాత్రింబవళ్ళూ మోటారు పెట్టి నీళ్ళు తోడేస్తున్నారు. మీ కింద మట్టి జారుతోంది," అన్నాడు ఇంజనీరు. "గోడ ఇంతటితో ఆగిందా, ఇంకా కదులుతోందా అన్నది ఇవాళ చెప్పలేను. ఇది చెబుతుంది."

సంచిలోంచి పలచటి గాజు పలక తీశాడు. బడిలో సూక్ష్మదర్శిని కింద పెట్టేలాంటిది. దాన్ని పగులు మీద అడ్డంగా పెట్టి, రెండు కొసలా ప్లాస్టరు ముద్దలతో అతికించి, గాజు మీద ఆనాటి తేదీ రాశాడు.

"గాజు సాగదు, వంగదు. గోడ వెంట్రుకవాసి జరిగినా పుటుక్కుమంటుంది. నెల రోజులు చూడండి. నిలిచిందా, మీ ఇల్లు మీది, ముందు గదిలో ఉండండి. పగిలిందా, ఆ పూటే బయటికి వచ్చెయ్యండి. బట్టలు సర్దుకుంటూ కూర్చోవద్దు."

"పగిలితే ఇల్లేం చేస్తారు?" అని మా అమ్మాయి అడిగింది. దానికి పదేళ్ళు. సన్నగా ఉంటుందని వాళ్ళ నాన్న 'పావుకిలో' అని పిలిచేవారు. ఆ పేరే నిలిచిపోయింది.

"పడగొట్టేస్తాం పాపా. దానంతట అది పడేదాకా ఆగితే ఎవరో ఒకరి మీద పడుతుంది."

పావుకిలో తాళం పడిన తలుపు వైపు చూసింది.

మర్నాడు బడికి సెలవు పెట్టి, దాన్ని వెంటబెట్టుకుని గృహ సహాయం ఆఫీసుకి వెళ్ళాను. నేను చిన్న ప్రైవేటు బడిలో టీచర్ని. నా జీతంలో అద్దెకి చోటు లేదు. కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకున్న గుమాస్తా నా దరఖాస్తు చదివాడు.

"ఒంటరి తల్లి, ఒక పిల్ల. బాగుంది," అన్నాడు. వెంటనే నాలిక కరుచుకున్నాడు. "బాగుందంటే నా ఉద్దేశం, గడి సరిపోయిందని. సొంత ఇల్లు?"

"ఉంది."

కలం కింద పెట్టేశాడు. "అయ్యయ్యో. అక్కడే చెడిందమ్మా. అద్దె సాయం ఇల్లు లేనివాళ్ళకే ఇస్తారు."

"ఇంటికి పగులు వచ్చింది. మరమ్మతుకి ఏమైనా ఇస్తారా?"

"ఇస్తాం. ఇల్లు ఎవరి పేరున ఉంది?"

"మా ఇద్దరి పేరునా. ఆయన లేరు."

"అయితే ముందు మీ ఒక్కరి పేరు మీదికి మారాలి. అది మరో ఆఫీసు. ఆరు నెలలు పడుతుంది. వాళ్ళకి మంచి మూడ్ ఉంటే."

"అమ్మేస్తే?"

"ఆ పగులు చూసి కొనేవాడుంటే ఓసారి నాకూ చూపించండి, దణ్ణం పెట్టుకుంటాను." కాగితాలు తిరగేశాడు. "మీకున్న దారి ఒక్కటే. ఇల్లు నివాసానికి పనికిరాదని ఇంజనీరు రాసిస్తే, పిల్లలున్న ఒంటరి తల్లికి ఓ గది ఇస్తాం. ఏడాది ఉండొచ్చు. ఆ కాగితం రావాలంటే గాజు పలక పగలాలి."

"అంటే ఇల్లు నిలిస్తే మాకు దిక్కులేదు. కూలితే ఉంది."

"టీచరుగారు కదా, ఒక్క ముక్కలో చెప్పేశారు. మేం దాన్నే నాలుగు పేజీలు రాసుకున్నాం." అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "ఓ మాట చెప్పనా? చిన్న దెబ్బ చాలు. చాలామంది చేసే పనే. గాజుకి నోరుందా?"

"అలాంటి పని నా వల్ల కాదండీ," అన్నాను.

పావుకిలో పక్కనే బల్ల మీద కాళ్ళాడిస్తూ కూర్చుని ఉంది. అన్నీ వింటూనే ఉంది. ఆ సంగతి నాకు తర్వాతగాని తట్టలేదు.

ఆ రోజు నుంచి నాకు భయం పట్టుకుంది. పొద్దున లేస్తూనే పలక చూసేదాన్ని. బడికి వెళ్ళే ముందు, వచ్చాక, అన్నం వడ్డిస్తూ మధ్యలో లేచి చూసేదాన్ని. పలక నిలిచి ఉంటే, ఇల్లు ఉందని ఊపిరి పీల్చుకునేదాన్ని. అంతలోనే, గోడ ఎప్పుడైనా మీద పడవచ్చునని, వెళ్ళడానికి ఇంకో చోటు లేదని దిగులుపడేదాన్ని. పగిలితే బాగుండుననీ, పగలకూడదనీ ఒకే పూటలో రెండు మొక్కులు మొక్కుకున్న రోజులున్నాయి. పగులు వైపు మాత్రం చూసేదాన్ని కాదు. గాజు చూడమన్నారు, గాజే చూసేదాన్ని.

"ఏమ్మా టీచరమ్మా, పెళ్ళికూతురు కూడా ఇన్నిసార్లు అద్దం చూసుకోదే!" అనేది ఎదురింటి పిన్ని. ఆవిడ టైలరు. కిటికీ దగ్గర మిషను తొక్కుతూ మా గది అంతా చూస్తూ ఉంటుంది.

"నీకేం పిన్నీ, నీ గోడలు గట్టివి."

"గోడలు గట్టివే తల్లీ, మోకాళ్ళే పగుళ్ళిస్తున్నాయి. వాటి మీద అతికించే గాజు ఉందేమో అడుగు మీ ఇంజనీర్ని."

రెండో వారంలో వీధి తలుపు గట్టిగా పట్టేసింది. వానకి చెక్క ఉబ్బిందనుకుని చాకుతో అంచు చెక్కాను. దుప్పటి మీద సన్నటి తెల్లపొడి కనిపిస్తే సుద్దపొడి అనుకున్నాను. నా చీరలకి ఎప్పుడూ ఉండేదే. ఎప్పుడూ కిటికీ పక్కన పడుకునే పిల్ల, గోడ వైపు తనే పడుకుంటానని పేచీ పెట్టింది. అక్కడ చల్లగా ఉందంది. నాన్న గది అవతలే ఉంది కదా, అందుకని కాబోలు అనుకున్నాను. అడిగితే ఏడుస్తుందేమోనని అడగలేదు. నేను ఏడుస్తానేమోనని కూడా.

ఇరవయ్యో రోజు ఆదివారం. పదకొండు గంటలవేళ బూజు దులుపుతున్నాను. కిటికీలోంచి ఎండ నేరుగా పలక మీద పడింది. ముక్కాలిపీట ఎక్కి ఉన్నాను కనుక తేదీ మొదటిసారి కంటికెదురుగా కనిపించింది.

ఇంజనీరు తేదీ రాస్తున్నప్పుడు చూశాను. అంకెలు కుడివైపు వాలి, ఒకదాన్నొకటి తోసుకుంటూ ఉండేవి. ఇవి నిటారుగా నిలబడి ఉన్నాయి. అంకెకీ అంకెకీ మధ్య చిటికెన వేలు పట్టేంత సందుంది. అలా సందు వదలమని మూడో తరగతి పిల్లలకి ఏటా చెప్పేది నేనే.

ప్లాస్టరు ముద్దని గోటితో గీకాను. మెత్తగా రాలింది. వాసన చూశాను. జిగురు.

"పావుకిలో," అని పిలిచాను. "ఇది ఎవరు రాశారు?"

అది నా వైపు చూడలేదు. గోడ వైపు చూసింది. "ఇంజనీరుగారు."

"నేను ఇంకోసారి అడగను."

"నేనే."

"అసలుది ఎప్పుడు పగిలింది?"

"శుక్రవారం. నువ్వు కాపీలు దిద్దుతున్నావు. పుటుక్కుమంది. మోటారు చప్పుడు అనుకున్నావు నువ్వు."

"మొన్న శుక్రవారమా?"

"కాదు. మొదటి శుక్రవారం."

పీట దిగి దాని ముందు కూర్చున్నాను. పలక పెట్టిన నాలుగో రోజు అది. పదహారు రాత్రులు మేం ఆ గోడ కింద నిద్రపోయాం.

"గాజు ఎక్కడిది నీకు?"

"సైన్సు సారు ఇచ్చారు. ఉల్లిపొర చూస్తానని చెప్పా. సుద్దముక్కలు నూరి జిగురు కలిపా. నీ పెట్టెలోవే, పద్నాలుగు. అమ్మా, కొట్టకు, ఇంకోటి కూడా చెప్తా." ఊపిరి తీసుకుంది. "నేను పెట్టింది కూడా పగిలింది. బుధవారం. ఇది మూడోది. మళ్ళీ ఉల్లిపొర చూస్తానని చెప్పా. ఎన్నిసార్లు చూస్తావే ఆ ఉల్లిపాయని అని నవ్వారు సారు."

"పగిలితే చెప్పాలని తెలుసు కదా నీకు?"

"చెప్తే పడగొట్టేస్తారుగా. నాన్న సామానంతా లోపలే ఉంది."

"గోడ వైపు ఎందుకు పడుకుంటున్నావు?"

"చప్పుడైతే నిన్ను లేపాలిగా. నిద్రపడితే దండోరా వేసినా మీ అమ్మ లేవదని నాన్న అనేవాడు. నాకు మెలకువ వచ్చేస్తుంది."

అప్పుడు లేచి, బల్ల మీది ఎర్ర పెన్సిలు తీసి, పగులులో పెట్టాను. మొన ఆగలేదు. కర్ర కూడా దిగింది. పట్టు వదిలేశాను. పెన్సిలు లోపలికి జారిపోయింది. తాళం పడిన గదిలో నేల మీద అది పడి దొర్లడం ఇద్దరం విన్నాం.

పిల్ల జబ్బ పట్టుకుని వీధిలోకి వచ్చేశాను. చెప్పులు వేసుకోలేదు. పొయ్యి మీద గిన్నె ఉంది, మంట ఆర్పానో లేదో తెలియదు. పిన్ని మిషను ఆపి వాకిట్లోకి వచ్చింది.

"ఏమైందే? ముందు కూర్చో."

"పొయ్యి," అన్నాను.

"వెళ్ళి ఆర్పి రానా?" అంది పావుకిలో.

దాని జబ్బ వదలలేదు నేను. ఎర్రగా నా వేళ్ళ అచ్చులు పడ్డాయని సాయంత్రం చూశాను. పొయ్యి ఆర్పేసే ఉందని పిన్ని కిటికీలోంచి తొంగిచూసి చెప్పింది.

ఫోను చేస్తే ఆదివారమైనా ఇంజనీరు వచ్చాడు. లోపలికి వెళ్ళి పగులు కొలిచి, రెండు నిమిషాల్లో బయటికి వచ్చాడు. అప్పుడు అతని ముఖం చూసి నాకు భయం ఇంకా పెరిగింది. వీధి తలుపుకి కూడా తాళం వేసి ఎర్ర కాగితం అంటించాడు. గది ఇప్పించడానికి కావలసిన కాగితం అక్కడే రాశాడు. తర్వాత జేబులోంచి రుమాలు తీసి విప్పాడు. పిల్ల అతికించిన పలక అందులో ఉంది.

"ఇరవై ఏళ్ళ సర్వీసమ్మా. పగలగొట్టినవాళ్ళని చూశాను. బాగుచేసినవాళ్ళని ఇదే చూడటం," అన్నాడు. పావుకిలో వెళ్ళి పిన్ని వెనక నక్కింది. "అయితే పలక మార్చారని నేను రాయక తప్పదు. రాయకపోతే రేపు ఇంకో ఇంట్లో ఎవరో చస్తారు. మీరు ఆఫీసులో వివరణ ఇవ్వండి."

సోమవారం గుమాస్తా జరిగిందంతా విని నాకు వివరణ పత్రం ఇచ్చాడు. ఒకటే ప్రశ్న ఉంది: పలక మార్చింది ఎవరు, ఎందుకు. దాని కింద నాలుగు గీతలు, ఇంటి యజమాని సంతకానికి చోటు.

"నేనే మార్చానని రాస్తే?" అని అడిగాను.

"తప్పుడు సమాచారం కింద దరఖాస్తు కొట్టేస్తారు. గది రాదు."

"తెలియదని రాస్తే?"

"విచారణ. నెల పడుతుంది. గది అన్నాళ్ళు మీ కోసం ఖాళీగా ఉండదు."

"ఉన్నదున్నట్టు రాస్తే?"

కళ్ళజోడు నుదుటి మీంచి దింపి పెట్టుకున్నాడు. ఈసారి నవ్వలేదు. "పిల్ల చేసిందని రాస్తే దాని నకలు పిల్లల సంరక్షణ విభాగానికి వెళ్తుందమ్మా. అది నా చేతిలో లేదు. పదహారు రోజులు పిల్ల అలాంటి గోడ పక్కన పడుకుంటే తల్లికి ఎలా తెలియలేదని అడుగుతారు. అడిగి ఊరుకోవచ్చు. కొన్నాళ్ళు పిల్లని తమ దగ్గర ఉంచుకుంటామనీ అనొచ్చు. రెండూ చూశాను నేను."

"నిజమే రాస్తే ఎక్కువగా ఏది జరుగుతుంది?"

"చెప్పలేనమ్మా. గది మాత్రం శుక్రవారం మధ్యాహ్నం దాకా ఆపగలను."

పిన్ని తన ఇంట్లో మిషనుకీ బట్టల బీరువాకీ మధ్య మాకు చోటిచ్చింది. పావుకిలో ఇప్పుడు కూడా గోడ వైపే పడుకుంటోంది. ఈ గోడ మంచిదే అని చెప్పాను. సరే అంది కానీ జరగలేదు. గది ఎప్పుడిస్తారని రోజూ అడుగుతోంది. దాని తప్పు వల్ల ఆగిందా అని నిన్న అడిగింది. కాదన్నాను. నమ్మినట్టు లేదు.

మా ఇల్లు వచ్చే సోమవారం పడగొడతారు. గదికి కావలసిన మిగతా కాగితాలన్నీ సంచిలో సర్ది పెట్టాను. ఇవాళ గురువారం. వివరణ పత్రంలో నాలుగు గీతలూ ఖాళీగానే ఉన్నాయి.