బండి అన్నం

చిగుసా కారులో మూడు రోజులుగా సాకెట్ కోసం తగువే. సిగరెట్ లైటర్ సాకెట్‌కి ఒకదాన్ని మూడు చేసే ప్లగ్గు తగిలించింది పాపం. ఒకటి తన ఫోనుకి, ఒకటి దారిని రికార్డు చేసే కెమెరాకి, మూడోది నాన్న గడ్డం మిషన్‌కి. మనిషికి డెబ్భై ఒకటి వచ్చినా రోజూ కారు కదిలాకే గడ్డం గీసుకుంటాడు. ముప్పై ఎనిమిదేళ్లు హచినోహే రేవు నుంచి తోక్యోకి చేపల లారీ తోలినవాడి అలవాట్లు ఒక పట్టాన పోతాయా!

చివరి రోజు పొద్దున్న నాన్న ఇసాబురో సంచిలోంచి, లారీలో వండుకునే అరచేతి రెండింతల కరెంటు కుక్కర్ తీశాడు.

"అన్నీ పీకెయ్ అమ్మాయ్. ఇవాళ దీని వంతు."

"కారులో పనిచేస్తుందా నాన్నా?"

"దీన్ని కొన్న దుకాణంలోనే తెచ్చిన చార్జర్ పనిచెయ్యలా? గడ్డం మిషన్ పనిచెయ్యలా? బండంటే బండే."

చిగుసా అన్నీ పీకేసింది. అసలు నాన్న లారీ తోలిన దారిలో ఈ ప్రయాణం పెట్టుకున్నదే ఆ కుక్కర్ కోసం. చిన్నప్పుడు నాన్న పది రోజులకోసారి ఇంటికొచ్చేవాడు. అమ్మ తోమియే వేడివేడిగా వడ్డిస్తే ఒకే ఒక్క గిన్నె తిని, "బండిలో వండుకున్నదే బాగుంటుంది" అని లేచి వెళ్లిపోయేవాడు. అమ్మ మొహం మాడిపోయేది. నలభై మూడేళ్లొచ్చినా చిగుసాకి ఆ మాట మింగుడుపడలేదు. నిజంగా ఆ అన్నమే అంత రుచా? లేక ఆయనకి ఇంటికన్నా, తమకన్నా, లారీయే ఎక్కువా? తినిచూస్తే తేలిపోతుందని ఆమె ఆశ. అమ్మని కూడా రమ్మంది. "ఆ రోడ్డు నా మొగుణ్ణి చాలాకాలం ఉంచుకుంది. దాని మొహం నేను చూడను" అందావిడ.

బియ్యం కడిగి, వేలి గణుపుతో నీళ్లు కొలిచి, మూత బిగించాడు ఇసాబురో. కుక్కర్ మీద ఎర్ర దీపం వెలిగింది. కారు సముద్రం వెంబడి సాగిపోతోంది.

"ఇంకో పాతిక నిమిషాలు" అన్నాడు. పాతిక నిమిషాలయ్యాయి. మూత ఎత్తి చూసి మళ్లీ పెట్టాడు. "ఇంకో పది." తర్వాత అదీ చెప్పడం మానేశాడు. గంట తర్వాత దారి మజిలీ దగ్గర ఆగేసరికి నీళ్లు ఇంకా స్నానానికి కాచినట్టు గోరువెచ్చగానే ఉన్నాయి.

అక్కడ ఆగిన బండ్లు ఇంజన్ ఆపెయ్యాలని బోర్డు. చిగుసా ఆపేసింది. ఎర్ర దీపం కూడా ఆరిపోయింది.

"ముసలిదైపోయింది" అన్నాడు ఇసాబురో, కుక్కర్‌ని ఒళ్లో పెట్టుకుని. దాన్ని పట్టుకునే కారు దిగి, పక్కనే ఆగిన లారీలకేసి చూడకుండా తల తిప్పుకున్నాడు. తోటివాళ్లెవరైనా చూస్తారని సిగ్గు కాబోలు. చిగుసాకి ఆయన్ని చూస్తే జాలేసింది, తన సందేహం తీరకుండానే ఇంటికి పోతామేమోనని దిగులూ వేసింది.

పక్క లారీ కిటికీలోంచి ముప్పై ఏళ్ల ఆడమనిషి తల బయటపెట్టింది. "ఏం బాబాయ్, దాన్ని చిన్న కారులో పెట్టావా ఏంటి?"

"పెడితే?"

"అడుగు తిప్పి చూడు."

చిగుసా కుక్కర్ అందుకుని వెలుతురుకి ఎత్తిపట్టి చూసింది. చెయ్యి తగిలి తగిలి అరిగిపోయిన అక్షరాల్లో ఇరవై నాలుగు అన్న అంకె ఒక్కటే మిగిలింది.

"లారీ కరెంటు ఇరవై నాలుగు వోల్టులు, కారుది పన్నెండు" అంది రిత్సుకో అనే ఆ డ్రైవరు. "చార్జర్లు రెంటికీ సరిపడేలా చేస్తారు. కుక్కర్ అలా కాదు. సగం వోల్టుకి వేడి పావే వస్తుంది. సాయంత్రం దాకా పెట్టినా ఎసరు మరగదు. నాకింకా ఇరవై ఎనిమిది నిమిషాలు విశ్రాంతి ఉంది. తీసుకురండి. ఇంజన్ ఆపినా నా బ్యాటరీలు మోస్తాయిలే."

నాలుగు గంటలు తోలితే అరగంట ఆగాలన్నది వాళ్ల లెక్క. అది దాటి ఒక్క నిమిషం కూడా ఆమె ఉండదని ఇసాబురోకి తెలుసు. ఎప్పుడూ మోకాళ్ల నొప్పులనేవాడు చకచకా మెట్లెక్కేశాడు. చిగుసా వెనకే ఎక్కింది. కంపెనీ ఒప్పుకోదని నాన్న ఆమెని ఎన్నడూ లారీ ఎక్కించుకోలేదు. ఇంత ఎత్తు నుంచి రోడ్డు చూడడం ఆమెకిదే మొదలు.

గంటసేపు నానిన బియ్యం కదా, పది నిమిషాలకే కుతకుతలాడింది. ఆవిరికి అద్దం మసకేసింది. ఇరవై రెండో నిమిషంలో దీపం ఆరితే, ఇసాబురో మూత మీద చెయ్యి వేసి ఎవర్నీ తియ్యనివ్వకుండా మరో మూడు నిమిషాలు కూర్చున్నాడు. తర్వాత మూతలోనే చిగుసాకి వడ్డించి, మీద ఊరిన ముల్లంగి ముక్క పెట్టాడు.

చిగుసా నమిలింది. కళ్లు మూసుకుని మళ్లీ నమిలింది. అడుగు కొంచెం మాడింది, పైన కొంచెం పలుకు.

"ఎలా ఉంది?"

అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. "అమ్మ వండిందే బాగుంటుంది నాన్నా."

"అవును" అన్నాడు ఇసాబురో తింటూనే. "ఎప్పుడూ అదే బాగుంటుంది."

చిగుసా చేతిలో ముద్ద ఆగిపోయింది. "మరి ప్రతిసారీ అలా ఎందుకన్నావ్? అమ్మ ఎంత ఏడ్చేదో తెలుసా?"

"బాగుందంటే ఇంకో గిన్నె పెట్టేది. రెండో గిన్నె తింటే ఇంట్లోంచి లేవబుద్ధయ్యేది కాదే. లేవకపోతే చేపలు కుళ్లిపోతాయి." ఇసాబురో కిటికీలోంచి బయటికి చూశాడు. "నిన్ను చూసినా అంతే. అందుకే చూడకుండా పోయేవాణ్ణి."

చిగుసాకి కోపం వచ్చింది, ఏడుపూ వచ్చింది. రిత్సుకో గడియారం చూసుకుని తాళం చేతిలోకి తీసుకుంది.

కిందికి దిగగానే చిగుసా ఇంటికి ఫోన్ కలిపి నాన్న చేతిలో పెట్టింది. "నాతో చెప్పింది అమ్మతో చెప్పు."

ఇసాబురో వెళ్లిపోతున్న లారీకి చెయ్యి ఊపాడు. "తోమియే... నీ అన్నమే బాగుంటుంది. మొదట్నుంచీ."

"ఎండలో తిరిగి మీకు మతిపోయింది" అని ఫోన్ పెట్టేసిందావిడ.

ఇసాబురో మొహం చిన్నబోయింది. కారు ఇంకా మజిలీ దాటలేదు, ఫోన్ మోగింది.

"ఎన్నింటికొస్తారు? ఎంత బియ్యం పొయ్యను?" తోమియే ముక్కు చీదుకుంటున్న చప్పుడు.

"ఆరింటికి" అన్నాడు ఇసాబురో. "నాకు రెండు గిన్నెలు."