ఇంట్లో ఒకరికి నేర్పాలి

“ఊరికే చేస్తామమ్మా, భయపడకండి” అంది ఆ మనిషి, అరచేతుల్లో నూనె వేసుకుంటూ.

ఆ ‘ఊరికే’ దగ్గరే కుర్చీలో వాలి ఉన్న ఆమెకి అనుమానం వచ్చింది. కాపురానికొచ్చాక ఊరికే అన్న మాట నిజంగా ఊరికే వచ్చింది ఒక్కసారీ లేదు. ఆడపడుచు “ఊరికే చూసి పోదామని వచ్చా వదినా” అంటే నెలరోజుల మకాం. ఆఫీసులో మేనేజరు “మీరు హాయిగా రెస్టు తీసుకోండి, ఊరికే ఈ నాలుగు ఉత్తరాలు ఇంటి దగ్గర టైపు చేసి పంపండి చాలు” అంటే జ్వరంలో కూడా కంప్యూటరు ముందు కూర్చోవడం. ఇక మొగుడుగారు “ఊరికే అన్నాలేవే” అన్న మాటలైతే, అవి ఊరికే అన్నవి కావని ఇద్దరికీ తెలుసు. అందుకే కాళ్ళు రెండూ దుప్పట్లోకి లాక్కుంది.

రొమ్ములో గడ్డ తీసేశాక మందెక్కించే వార్డు అది. వరసగా వాలుకుర్చీలు, ఒక్కో కుర్చీ పక్కన వేలాడే ఒక్కో సీసా. ఈ మధ్య ఆసుపత్రి వాళ్ళు మందుతో పాటు పాదాలకి నూనె మర్దనా, ఊపిరి తీసి వదిలే పద్ధతులూ కూడా మొదలుపెట్టారు. ఆ పని చేసే ఆవిడని వార్డంతా నూనె సిస్టర్ అంటారు. ఈ సంగతి ఇంట్లో చెప్పినప్పుడు అత్తగారు పెద్దగా నిట్టూర్చింది. “మందు పనిచెయ్యకపోతేనే ఇలాంటివి మొదలెడతారే అమ్మాయ్. మా పిన్నికీ చివర్లో ఇలాగే, ఏం కావాలంటే అది చెయ్యండన్నారు.” ఓదార్చడంలో ఆవిడది అందె వేసిన చెయ్యి. ఆ రాత్రి ఆమెకి కంటి మీద కునుకు లేదు.

“నిజం చెప్పండి సిస్టర్. డాక్టరుగారు నా మీద ఆశ వదిలేసుకున్నారా?” అని అడిగేసింది.

“అయ్యో, లేదమ్మా! మందు పని మందుదే. నాది దాని పక్కన పని. వికారం కాస్త తగ్గుతుంది, నిద్ర పడుతుంది. జబ్బు నయం చేస్తానని మాత్రం నేను చెప్పను. ఎవరైనా చెబితే నమ్మకండి కూడా.”

దాంతో అనుమానం తగ్గకపోగా రెట్టింపైంది. తన సరుకుని తనే తక్కువ చేసి చెప్పుకునేవాళ్ళు ఎక్కడైనా ఉంటారా? ఏదో మెలిక ఉండే ఉంటుంది. అయినా కడుపులో దేవేస్తోంటే అనుమానంతో ఎంతసేపని కూర్చుంటుంది? ఒక కాలు బయటపెట్టింది. మడమల పగుళ్ళు చూసి తనకే సిగ్గేసింది. “వంగి చేస్తే మీ నడుం పట్టేస్తుందేమో, ఆ స్టూలు దగ్గరికి జరుపుకోండి” అంటూ సెలైన్ చేత్తోనే లేవబోయింది. సిస్టర్ భుజం పట్టి వెనక్కి వాల్చింది. పాదం ఆ వెచ్చటి చేతుల్లోకి వెళ్ళగానే ఆమెకి ఏడుపొచ్చింది. ఎందుకో తనకే అర్థం కాలేదు, కానీ వచ్చింది, ఆపుకోలేదు.

తర్వాత ఆలోచిస్తే అర్థమైంది. ఆ ఇంట్లో ఎవరికి ఏ వైద్యమైనా చేతులు మాత్రం ఆమెవే. మామగారు బతికున్నన్నాళ్ళూ ఆయన వీపుకి కాపడం, మొగుడి మెడకి మర్దనా, అత్తగారి మోకాళ్ళకి గోరువెచ్చటి నూనె. కొత్తగా వచ్చినప్పుడు ఓ రోజు అత్తగారు “నీ చెయ్యి మంచిదే అమ్మాయ్, పట్టగానే నొప్పి ఎగిరిపోయింది” అంది. ఎంత పొంగిపోయిందో! ఆ ఒక్క మాటతో మునగచెట్టు ఎక్కించేశారు. ఆ చెట్టు దిగే దారి ఇన్నేళ్ళైనా దొరకలేదు. ఆ చేతులు నొప్పెడతాయేమోనని అడిగిన పాపాన పోలేదు ఎవరూ.

అలా ఆ వార్డులో, సూది గుచ్చుకుని, ఆమె నిద్రపోవడం నేర్చుకుంది. వచ్చే వంతు ఎప్పుడా అని ఎదురుచూసేది కూడా. మందెక్కించుకునే రోజు కోసం ఎదురుచూసే పిచ్చిది ఎవరైనా ఉంటుందా అని తనని తనే తిట్టుకునేది. అనుమానం మాత్రం ఒక మూల అలాగే ఉంది.

ఆ మెలిక ఈరోజు బయటపడింది. ఆమెని తీసుకెళ్ళడానికి మొగుడు వచ్చాడు, స్కూలు బ్యాగుతో సహా కూతుర్నీ వెంటపెట్టుకుని. నూనె సిస్టర్ వాళ్ళని చూసి నవ్వింది. “మంచి సమయానికొచ్చారు. ఇది మధ్యమధ్య ఇంట్లో కూడా జరగాలండీ. అందుకే ఇంట్లో ఒకరికి నేర్పి పంపిస్తాం. ఎవరు నేర్చుకుంటారు?”

అదుగో, వచ్చింది అనుకుంది ఆమె.

మొగుడు ఫోన్లోంచి తలెత్తకుండానే చెప్పాడు. “మా అమ్మాయికి నేర్పండి సిస్టర్. దాని చెయ్యి మంచిది. ఇప్పుడు మా అమ్మ మోకాళ్ళకి అదే రాస్తోంది.”

ఆమె కూతురి వైపు తిరిగింది. “ఎప్పట్నుంచే?”

“నువ్వు ఆసుపత్రికి రావడం మొదలెట్టినప్పట్నుంచీ” అంది పిల్ల. దాని మొహం వెలిగిపోతోంది. “నాది నీకంటే మంచి చెయ్యట అమ్మా! నానమ్మే అంది.”

గడ్డ సంగతి తెలిసిన రోజు కూడా ఆమెకి ఇంత భయం వెయ్యలేదు. ఆ గడ్డని డాక్టరు కోసి తీసేశాడు. దీన్ని ఎవరు తీస్తారు? పిల్ల అప్పటికే స్టూలు మీద కూర్చుని యూనిఫాం చేతులు పైకి మడుచుకుంటోంది. ఆ చిన్న చేతులు తన పాదాల మీద పడితే ఎంత బావుంటుందో ఆమెకి తెలుసు. కావాలనిపించింది కూడా, అబద్ధమెందుకు?

“నువ్వు లే తల్లీ. కింద క్యాంటీన్లో ఏదైనా తిని, కూర్చుని చదువుకో” అంది. పిల్ల మొహం చిన్నబుచ్చుకుని వెళ్ళింది. అప్పుడు సిస్టర్‌తో చెప్పింది. “మా ఆయన నేర్చుకుంటారు.”

అతను ఫోను దించాడు. “నేనా? భలేదానివే! నావి మొరటు చేతులు, నాకెక్కడ వస్తుంది?”

“మొరటువైతే మరీ మంచిదండీ, మడమల దగ్గర బలం కావాలి” అంది సిస్టర్, స్టూలు అతని ముందుకు జరుపుతూ.

పక్క కుర్చీలో ముసలాయన చదువుతున్న పేపరు మడిచి పక్కన పెట్టాడు. ఇది పేపరు కంటే బావుందనుకున్నాడో ఏమో. అది చూసి మొగుడు గొంతు తగ్గించాడు. “ఏంటిది, నలుగుర్లో? ఇంట్లో ఆడవాళ్ళుండగా నేను…”

“ఉన్నారండీ. ఒకరు ముసలావిడ, ఒకరు బడికెళ్ళే పిల్ల, ఒకరు పేషెంటు” అంది ఆమె.

అతను కూర్చున్నాడు. కూర్చోక ఏం చేస్తాడు, ముసలాయన చూస్తున్నాడు! సిస్టర్ చూపించినట్టు వేళ్ళ సందుల్లోంచి మడమ దాకా, టేబుల్ మీద దుమ్ము తుడిచినట్టు నాలుగుసార్లు రాశాడు. “వచ్చేసింది లెండి, ఇదేమన్నా బ్రహ్మవిద్యా? అయిపోయిందిగా” అంటూ రుమాలు తీసి చేతులు తుడుచుకుని లేవబోయాడు.

‘చాల్లెండి, మీకెందుకు శ్రమ’ అన్న మాట ఆమె నాలిక చివరి దాకా వచ్చింది. ఇన్నేళ్ళ అలవాటు, రాకుండా ఎలా ఉంటుంది? గట్టిగా మింగేసింది.

“అవలేదండీ” అంది. “కూర్చోండి. రెండో కాలుంది.”