నీడలో పండిన గోధుమలు

తెల్లారగానే మోతీబాయి చేసే మొదటి పని రేగుచెట్టు కింద ఊడ్వడం. రెండో పని, ఆ చెట్టు కింద పడుకున్నవాళ్లను అదే చీపురుతో లేపడం.

మఠంపల్లి దిక్కు తండా అది. అక్కడి ఎండ సంగతి చెప్పక్కర్లేదు. సున్నపురాయిని బట్టీలో వేసే పని లేదు, మధ్యాహ్నం దాకా ఆగితే దానంతటదే సున్నమైపోతుంది. కోళ్లు ఉడికిన గుడ్లే పెడతాయి. అంత ఎండలోనూ మోతీబాయి చెలకలో రేగుచెట్టు నీడ ఉన్నచోటనే ఉండేది. పొద్దు ఎటు తిరిగినా అది తిరిగేది కాదు. నడి వేసవిలో ఆ నీడకు పోయేవాళ్లు చద్దరు వెంట తీసుకుపోయేవారు. ఒకసారి మర్చిపోయిన ధన్‌సింగ్ చలిజ్వరంతో కోదాడ దవాఖానలో పడ్డాడు.

ఆ నీడలో మోతీబాయి ఏటా పిడికెడు గోధుమలు పండించేది. బయట చెలకలో పండిన గింజలు మొండివి, చెమటచుక్క పడినా మొలిచేవి. నీడలో పండినవి మాత్రం గారాబం పిల్లలు. మళ్లీ ఆ నీడలో వేస్తేనే కన్ను తెరిచేవి. ఇంకెక్కడ వేసినా మట్టిలో మట్టిలా పడి ఉండేవి. తండాలో ఈ సంగతి తెలియని మనిషి లేడు.

సరళ పెరిగింది కూడా ఆ నీడలోనే. తల్లి పోయిన పసిగుడ్డును మోతీబాయి రేగుకొమ్మకు ఉయ్యాల కట్టి పెంచింది. అందుకే సరళ ఆమెను యాడీ అనే పిలుస్తుంది, అమ్మా అని. ఇప్పుడు పిల్లకు మిర్యాలగూడలో నర్సు చదువుకు సీటొచ్చింది. తీజ్ పండుగ కాగానే పోయి చేరాలి.

"గాడ నీకెవరున్నరే? ఎండకు మాడిపోతవ్."

"అందరు పోతలేరా యాడీ?"

"అందరు నా చెట్టు కింద పెరిగిన్రా?"

చివరికి మోతీబాయి తీర్పును తీజ్ మీదికి తోసింది. ఆ పండుగకు పెళ్లికాని ఆడపిల్లలు బుట్టల్లో పుట్టమన్ను పోసి, గోధుమలు చల్లి, రోజూ పాటలు పాడుతూ నీళ్లు పోస్తారు.

"నీ బుట్టల మొలక జానెడు లేస్తే పో. లేవకుంటే ఇగ ఆ ముచ్చట ఖతం."

సరళ బుట్టకు గోధుమలు మోతీబాయే ఇచ్చింది, కొంగుముడి విప్పి. తండా పెద్ద మంగ్త్యా వాటి వంక చూసి మీసం దువ్వాడు.

"మోతీ, ఇవి చెట్టు కిందివి గావు గదా?"

"గోధుమలకు ఊరూ పేరూ ఉంటదా అన్నా? నీ మీసం నువ్వు సూసుకో."

సరళకు అర్థమైంది. అయినా చల్లింది.

మంగ్త్యా వాకిట్లో మంచె మీద బుట్టలన్నీ పచ్చబడ్డాయి. సరళ బుట్ట మాత్రం బోడిగుండు.

"మన్ను పోసినవా, సిమెంటు పోసినవానే?" తోటిపిల్ల రోజా పకపకా నవ్వింది.

మరునాడు పొద్దున్నే సరళ మంచె దగ్గరికి పోయి, తన నీడ బుట్ట మీద పడేట్టు నిలబడింది. పొద్దు నడినెత్తికెక్కింది, అవతలికి వాలింది. మిగతా పిల్లల నీడలు పొద్దుతో పాటు తిరిగాయి. సరళ నీడ తిరగలేదు. ఆమె మంచినీళ్లకు పోతే నీడ వెంట పోకుండా బుట్ట దగ్గరే ఆగింది.

"ఆ చెట్టు కింద పెరిగింది గదా, గుణం రాదా?" అంటూ మంగ్త్యా బీడీ ముట్టించుకున్నాడు.

మన్ను పగిలింది. పండుగ చివరినాటికి మొలకలు జానెడేమిటి, పక్కనుంచి పోతున్న మేక కొమ్ములు వాటిలో చిక్కుకుని, ముగ్గురు పట్టి లాగితే గానీ రాలేదు. మంగ్త్యా నాలుగు మొలకలు తుంచి తలపాగాలో చెక్కుకుని మోతీబాయి వంక చూశాడు. ఆమె బుట్ట వంక చూసింది. గింజలను పడుకోబెట్టింది తన చెట్టు నీడే. లేపిందీ అదే.

"సంచి సదురుకో" అంది సరళతో.

రోడ్డు మీద బస్సు ఆగేచోట చెట్టూ లేదు, గుడిసే లేదు. సరళ జడలో మొలకలు చెక్కుకుని ఎక్కింది. బస్సు కదిలింది. మోతీబాయికి వెన్నులో చలి పుట్టింది. కిందికి చూసింది. ఆమె చుట్టూ సన్నటి నీడ పరుచుకుని ఉంది. దానికి ఒక జడ, జడలో మొలకలు.

"పోరీ! నీ నీడ ఈడనే మర్చిపోయినవ్!"

సరళ కిటికీలోంచి తల బయటపెట్టింది.

"మర్చిపోలే యాడీ! ఉంచుకో! నాకు గాడ ఇంకోటి మొలుస్తది!"

మోతీబాయి కొంగుతో ముఖం తుడుచుకుంది. మండుటెండలో వణుకుతూ, చద్దరు తెచ్చుకోనందుకు తనను తానే తిట్టుకుంది.